ఇన్నేళ్లూ నేను కొలిచింది దేన్ని?

టీబీ మీద పరిశోధన చేద్దామని పీహెచ్‌డీలో చేరాక మొదటి ఆరు నెలలు నేను అసలు టీబీ బ్యాక్టీరియాని ముట్టుకోనే లేదు. అది గాలి ద్వారా వ్యాపించేది కాబట్టి దానితో పని చేసే గది వేరుగా ఉంటుంది. మూడో స్థాయి భద్రతా ల్యాబ్ అని దాని పేరు, మేం మాత్రం 'లోపల' అనేవాళ్లం. గదిలో గాలి పీడనం బయటి కంటే తక్కువగా ఉంచుతారు. బయటికి పోయే గాలి ఫిల్టర్లు దాటే పోవాలి. రెండు తలుపులు ఒకేసారి తెరుచుకోవు. రెండు జతల గ్లవ్స్, వెనక ముడివేసుకునే గౌను, ముఖానికి సరిగ్గా అతుక్కుందో లేదో పరీక్షించి ఇచ్చిన రెస్పిరేటర్. ఆ ఆరు నెలలూ దాని దగ్గరి బంధువు, మామూలుగా జబ్బు చేయని మైకోబ్యాక్టీరియం స్మెగ్మాటిస్ మీద చేయి తిప్పుకున్నాను. పైపెట్ చివరి నుంచి చుక్క రాలితే ఏం చేయాలి, ట్యూబు పగిలితే ఎవరు ముందు బయటికి రావాలి, ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పేలా నేర్పించారు మా గైడ్ మేడమ్.

లోపలికి వెళ్లడం మొదలయ్యాక భయం రెండు వారాల్లో తగ్గిపోయింది. టీబీ బ్యాక్టీరియా నిదానానికి అలవాటు పడటానికి మాత్రం రెండేళ్లు పట్టింది. మామూలు ల్యాబుల్లో వాడే ఇ.కోలై అనే బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెండింతలవుతుంది. సాయంత్రం పోషకం పోసిన ప్లేటు మీద పూసి వెళ్తే పొద్దున్నకి కాలనీలు, అంటే కంటికి కనిపించే బ్యాక్టీరియా గుంపులు, కనిపిస్తాయి. టీబీ బ్యాక్టీరియా ఒకటి రెండు కావడానికే 20 నుంచి 24 గంటలు తీసుకుంటుంది. ప్లేటు మీద కాలనీలు కంటికి ఆనాలంటే మూడు వారాలు ఆగాలి. లేత పసుపు రంగులో, గరుకుగా, అంచులు ముడతలు పడి ఉంటాయి. పక్క ల్యాబ్‌లో స్నేహితురాలు వారంలో మూడు ప్రయోగాలు పూర్తి చేసి గ్రాఫులు చూపిస్తుంటే, నేను ఏమీ కనిపించని ప్లేట్లు తిప్పి చూసి మళ్లీ లోపల పెట్టేసేదాన్ని.

రెండో ఏడాదిలో 140 ప్లేట్లు ఒక్కసారే పోయాయి. ఇన్‌క్యుబేటర్‌లో తేమ కోసం పెట్టే నీళ్ల ట్రే మార్చడం ఆలస్యమైంది. పద్దెనిమిదో రోజు తలుపు తీస్తే ప్లేట్ల నిండా బూజు. టీకా ప్రయోగంలోని ఎలుకల ఊపిరితిత్తుల్ని నూరి పూసిన ప్లేట్లవి. ఆ ఎలుకలకి టీకాలు వేసింది నాలుగు నెలల కిందట, ఇన్‌ఫెక్షన్ ఇచ్చింది ఏడు వారాల కిందట. అదంతా ఆ బూజు కింద ఉంది. గౌను విప్పే గదిలో కూర్చుని ఏడ్చాను. మేడమ్ ఏమీ అనలేదు. "ఊపిరితిత్తుల సస్పెన్షన్ దాచావా?" అని మాత్రం అడిగారు. దాచాను. సస్పెన్షన్ అంటే ఆ నూరిన కణజాలం కలిపిన ద్రవం. అందులో కొంత భాగాన్ని తప్పనిసరిగా మైనస్ 80 ఫ్రీజర్‌లో పెట్టే అలవాటు ఆవిడ చేయించిందే. కరిగించి మళ్లీ పూశాం. గడ్డకట్టి కరిగినప్పుడు కొంత బ్యాక్టీరియా చచ్చిపోతుంది కాబట్టి అసలు అంకెలు రావు, కానీ ఒక గుంపుకీ ఇంకో గుంపుకీ ఉన్న తేడా తెలుస్తుంది. ఈ రంగంలోకి వచ్చే ప్రతి విద్యార్థికీ నేను మొదట చెప్పేది ఈ అలవాటు గురించే.

నా థీసిస్ ప్రశ్న ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. బీసీజీ తర్వాత ఇంకో బూస్టర్ టీకా ఇస్తే ఊపిరితిత్తులకి రక్షణ పెరుగుతుందా?

బీసీజీ కథ ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆల్బర్ట్ కాల్మెట్, కమీల్ గెరాన్ అనే ఇద్దరు ఫ్రాన్స్‌లో 1908లో మొదలుపెట్టి, పశువుల టీబీ బ్యాక్టీరియాని పైత్యరసం, గ్లిజరిన్, బంగాళాదుంపలతో చేసిన పోషకం మీద మూడు వారాలకోసారి కొత్తగా నాటుతూ పోయారు. 13 ఏళ్లు, 230 సార్లు. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి పోయింది. జబ్బు చేసే గుణం పోయాక 1921లో మొదటిసారి ఒక శిశువుకి ఇచ్చారు. నూరేళ్లు దాటినా టీబీకి అందరూ వాడే టీకా ఇప్పటికీ అదొక్కటే. పసిపిల్లల్ని మెదడు పొరలకి వచ్చే టీబీ నుంచి, ఒళ్లంతా పాకే టీబీ నుంచి అది బాగానే కాపాడుతుంది. పెద్దవాళ్లలో ఊపిరితిత్తులకి వచ్చే టీబీ విషయంలో మాత్రం ఒక్కో చోట ఒక్కోలా పనిచేసింది, కొన్నిచోట్ల అసలు పనిచేయలేదు. ఇతరులకి అంటించేది ఆ రూపమే.

మరి కొత్త టీకా పనిచేస్తుందో లేదో ఏళ్ల తరబడి ఆగకుండా తెలిసేదెలా? అప్పట్లో మేమంతా చూసేది ఒకే అంకె, ఇంటర్‌ఫెరాన్ గామా. టీబీ బ్యాక్టీరియా మాక్రోఫేజ్ అనే కణంలో కాపురం పెడుతుంది. వచ్చిన సూక్ష్మజీవిని మింగి, ఆమ్లంలో ముంచి అరిగించుకోవడం ఆ కణం పని. ఇది మాత్రం ఆ ఆమ్లం సంచి తన దగ్గరికి వచ్చి కలవకుండా అడ్డుకుంటుంది. అప్పుడు టి కణాలు అనే రోగనిరోధక కణాలు వచ్చి ఇంటర్‌ఫెరాన్ గామా అనే సందేశం వదిలితే మాక్రోఫేజ్‌కి బలం వస్తుంది. 1993లో రెండు బృందాలు ఈ సందేశాన్ని తయారుచేసే జన్యువు లేని ఎలుకలు టీబీకి తట్టుకోలేక త్వరగా చనిపోతాయని చూపించాయి. 1996లో ఆ సందేశాన్ని అందుకునే గ్రాహకం పుట్టుకతోనే లోపించిన పిల్లల గురించి తెలిసింది. వాళ్లకి బీసీజీ కూడా ప్రమాదమే. ఇంత రుజువు ఉన్నప్పుడు ఇంటర్‌ఫెరాన్ గామా ఎక్కువగా చేయించే టీకా మంచి టీకా అనుకోవడంలో తప్పేముంది?

నా బూస్టర్ టీకా ఆ లెక్కన అద్భుతంగా పనిచేసింది. ప్లీహం కణాల్ని బ్యాక్టీరియా ప్రోటీన్‌తో కలిపి ఒక రాత్రి ఉంచి చూస్తే, బీసీజీ ఒక్కటే ఇచ్చిన ఎలుకల కంటే నాలుగు రెట్లు ఇంటర్‌ఫెరాన్ గామా. కణాల్ని ఒక్కొక్కటిగా కొలిచే ఫ్లో సైటోమీటర్ తెర మీద, ఒక్కో కణం ఒక్కో చుక్కగా, ఆ చుక్కల గుంపు పైకి ఎగబాకడం చూసి మేడమ్‌ని పరిగెత్తుకెళ్లి పిలుచుకొచ్చాను. తర్వాత ఆ ఎలుకలకి గాలి ద్వారా ఒక్కోదానికి సుమారు నూరు బ్యాక్టీరియా అందేలా ఇన్‌ఫెక్షన్ ఇచ్చాం. నాలుగు వారాలకి ఊపిరితిత్తులు తీసి, నూరి, పలుచన చేసి ప్లేట్ల మీద పూశాను. మళ్లీ మూడు వారాలు. ఏ టీకా ఇవ్వని ఎలుకల్లో ఆ నూరు దాదాపు పది లక్షలైంది. బీసీజీ ఇచ్చినవాటిలో అందులో పదో వంతు. నా బూస్టర్ కూడా ఇచ్చినవాటిలోనూ పదో వంతే. తేడా ఏమీ లేదు.

"మళ్లీ చేద్దాం," అన్నారు మేడమ్. మళ్లీ చేశాం, అదే ఫలితం. డోసు మార్చి మూడోసారి చేశాం, అదే. ఇంటర్‌ఫెరాన్ గామా పెరిగిన సంగతి మంచి పత్రికలో వ్యాసంగా వచ్చింది. రక్షణ పెరగలేదన్న సంగతి థీసిస్‌లో అర పేజీ అయింది. ఆ అర పేజీని నా ప్రయోగంలో ఏదో లోపంగానే చూశాను. ప్రశ్నే సరిగ్గా లేదేమో అన్న ఆలోచన నాకు రాలేదు, రానివ్వలేదంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. డిగ్రీ రావాలి, తర్వాత పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం, దొరకాలి. ఆ టెన్షన్‌లో ఇబ్బంది పెట్టే ఫలితాన్ని మూసి పెట్టడం ఎంత తేలికో నాకు అనుభవంతో తెలుసు.

పోస్ట్‌డాక్‌లో ఎలుకల నుంచి మనుషుల రక్తానికి మారాను. టీబీ రోగితో ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్ల దగ్గర రక్తం తీసుకుని, వాళ్లకి బ్యాక్టీరియా సోకిందో లేదో చూడటం పని. పరీక్ష మళ్లీ ఇంటర్‌ఫెరాన్ గామాదే. రక్తాన్ని ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అనే రెండు ప్రోటీన్ల ముక్కలతో కలిపి ఒక రాత్రి 37 డిగ్రీల దగ్గర ఉంచుతాం. ఆ రెండిటి జన్యువులూ బీసీజీలో లేవు, అది బలహీనపడిన క్రమంలో జారిపోయాయి. అందుకని చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నా ఈ పరీక్ష తప్పుదారి పట్టదు. చర్మం మీద చేసే పాత పరీక్షకి ఆ సౌకర్యం లేదు.

ఒక రోగి తల్లికి ఫలితం పాజిటివ్ వచ్చిందని చెబుతుంటే ఆవిడ నన్ను అడిగారు: "అంటే నాకు జబ్బు ఉన్నట్టా, లేనట్టా అమ్మా?" శరీరంలో బ్యాక్టీరియా నిద్రపోతూ ఉండొచ్చనీ, ఇలాంటివాళ్లు నూటికి 90 మందికి పైగా జీవితాంతం జబ్బు పడరనీ చెప్పాను. "ఆ తొంభైలో నేనున్నానా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. డాక్టర్ ఆవిడకి నివారణ మందులు రాశారు.

తర్వాతి ఏడాది ల్యాబ్‌లో అందరికీ చేసే వార్షిక పరీక్షలో నా రక్తమే పాజిటివ్ వచ్చింది. పాజిటివ్ అనడానికి హద్దు 0.35 యూనిట్లు, నాది 1.8. అంతకు ముందేడు దాదాపు సున్నా. లోపల ఎప్పుడూ ఏ ప్రమాదమూ జరగలేదు, రికార్డులన్నీ తిరగేశాం. రోగుల ఇళ్లకి వెళ్లినప్పుడు సోకిందా, జనం కిక్కిరిసిన చోట ఇంకెక్కడైనా సోకిందా, తేలలేదు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. నాలుగు నెలలు రోజూ రిఫాంపిసిన్ వేసుకున్నాను. ఆ మందుకి మూత్రం నారింజ రంగులోకి మారుతుంది. నేనే ఎంతోమందికి ముందుగా చెప్పి ధైర్యం ఇచ్చిన విషయం, అయినా మొదటి రోజు చూసి గుండె ఝల్లుమంది.

కోర్సు అయ్యాక మళ్లీ పరీక్ష చేయించుకోవాలనిపించింది. అది వృథా అని నాకు తెలుసు. మందులతో బ్యాక్టీరియా మొత్తం చచ్చిపోయినా టి కణాల జ్ఞాపకం పోదు, పరీక్ష చాలామందిలో పాజిటివ్‌గానే ఉండిపోతుంది. అంటే నా చేతుల మీదుగా వేలసార్లు నడిచిన ఆ పరీక్ష చెప్పేది ఒకటే, ఈ శరీరం ఆ బ్యాక్టీరియాని ఒకప్పుడు చూసింది అని. బ్యాక్టీరియా ఇంకా బతికుందా, శరీరం గెలుస్తోందా అన్నది చెప్పదు. ఆ తల్లి అడిగిన ప్రశ్న అప్పటి నుంచి నాదైంది.

2013 ఫిబ్రవరిలో ఎంవీఏ85ఏ ఫలితాలు వచ్చాయి. బీసీజీ తర్వాత బూస్టర్‌గా ఇవ్వాలని ఆక్స్‌ఫర్డ్‌లో తయారైన టీకా అది. దక్షిణాఫ్రికాలో 2,797 మంది శిశువుల మీద ప్రయోగం జరిగింది. బీసీజీ తర్వాత శిశువుల్లో ఒక కొత్త టీబీ టీకా సామర్థ్యాన్ని ఇంత పెద్ద ఎత్తున పరీక్షించడం అదే మొదలు కాబట్టి మా రంగమంతా ఎదురు చూసింది. టీకా సురక్షితం, టి కణాలు స్పందించాయి, ఇంటర్‌ఫెరాన్ గామా వచ్చింది. జబ్బు నుంచి రక్షణ మాత్రం 17 శాతం, అది యాదృచ్ఛికంగా కూడా రాగల తేడా. లేదన్నట్టే.

ఆ రాత్రి పాత అట్టపెట్టె దించి నా థీసిస్ నోట్‌బుక్ తీశాను. మూడు ప్రయోగాలూ వరసగా ఉన్నాయి. నాలుగు రెట్ల ఇంటర్‌ఫెరాన్ గామా, సున్నా రక్షణ. ఎలుకల్లో కనిపించిన ఆ సంగతిని నేను బయటపెట్టి ఉంటే ఏదో మారిపోయేదని అనుకోను. ఒక విద్యార్థి నోట్‌బుక్‌కి అంత బలం ఉండదు. కానీ ఇలాంటి అర పేజీలు ఎన్ని ల్యాబుల్లో ఎన్ని అట్టపెట్టెల్లో ఉండిపోయాయో అని ఆలోచించాను. అప్పటి నుంచి నా ల్యాబ్‌లో పనిచేయని టీకా గురించి కూడా వ్యాసం రాయడం తప్పనిసరి.

తర్వాత వెనక్కి వెళ్లి చదవడం మొదలుపెట్టాను. రాబర్ట్ కోహ్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో టీబీ బ్యాక్టీరియాని లోకానికి చూపించాడని అందరికీ తెలుసు. 1890లో ఆయనే ట్యూబర్‌క్యులిన్ అనే ద్రవాన్ని చికిత్సగా ప్రకటించాడు. రోగులు బెర్లిన్‌కి పోటెత్తారు. ఇంజెక్షన్ ఇస్తే రోగనిరోధక వ్యవస్థ గట్టిగానే స్పందించింది, జ్వరం, వాపు. కానీ జబ్బు నయం కాలేదు, కొందరికి ముదిరింది, కొందరు చనిపోయారు. ఆ ద్రవమే శుద్ధి అయి తర్వాత చర్మ పరీక్షకి పనికొచ్చింది. స్పందన కనిపించినంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదని ఆ రోజుల్లోనే కళ్లముందు ఉంది.

నన్ను ఇంకా లోతుగా కదిలించింది 2010లో వచ్చిన ఒక పరిశోధన. ప్రపంచంలో వేర్వేరు ప్రాంతాల 21 రకాల టీబీ బ్యాక్టీరియా జన్యువుల్ని పోల్చి చూశారు. సాధారణంగా మన శరీరం గుర్తుపట్టే భాగాల్ని సూక్ష్మజీవులు మార్చుకుంటూ తప్పించుకుంటాయి. ఇక్కడ అది తలకిందులుగా ఉంది. టి కణాలు గుర్తుపట్టే భాగాలే అన్నిటికంటే తక్కువ మారాయి. అంటే మన టి కణాలు తనని గుర్తుపట్టడం ఈ బ్యాక్టీరియాకి లాభమై ఉండాలి. ఆలోచిస్తే అర్థమవుతుంది. ఊపిరితిత్తిలో గుహలాంటి కుహరం పడి, దగ్గుతో బ్యాక్టీరియా బయటికి రావాలంటే కణజాలం దెబ్బతినాలి. ఆ దెబ్బలో చాలా భాగం మన రోగనిరోధక స్పందన వల్లే తగులుతుంది. టి కణాల్లో ఒక రకమైన సీడీ4 కణాలు తగ్గిపోయిన హెచ్ఐవీ రోగుల్లో టీబీ ఎక్కువగా వస్తుంది, కానీ కుహరాలు తక్కువగా కనిపిస్తాయి. కీళ్లవాతానికి, వాపు తెచ్చే టీఎన్‌ఎఫ్ అనే సందేశాన్ని అడ్డుకునే మందులిస్తే నిద్రపోతున్న టీబీ లేస్తుంది. టి కణాల్ని అదుపులో ఉంచే పీడీ-1 అనే బ్రేకు లేని ఎలుకల్లో టి కణాలకి ఏ లోటూ ఉండదు, అయినా అవి మామూలు ఎలుకల కంటే ముందే చనిపోతాయి. తక్కువైనా ప్రమాదం, మితిమీరినా ప్రమాదం.

2014లో ఇంకో ముక్క దొరికింది. ఎలుకని చంపడానికి మూడు నిమిషాల ముందు రక్తనాళంలోకి రంగు పూసిన యాంటీబాడీ ఎక్కిస్తారు. రక్తంలో ఉన్న కణాలకి రంగు అంటుకుంటుంది, ఊపిరితిత్తి కణజాలం లోపలికి వెళ్లిపోయినవాటికి అంటదు. అలా చూస్తే, ఇంటర్‌ఫెరాన్ గామా ఎక్కువ చేసే టి కణాలు చాలావరకు రక్తనాళాల్లోనే ఉండిపోయాయి. లోపలికి వెళ్లి బ్యాక్టీరియాని అదుపు చేసేవి ఇంటర్‌ఫెరాన్ గామాని తక్కువగా తయారుచేసే కణాలు. ఈ పద్ధతి నేర్చుకుని నా పాత బూస్టర్ టీకాతో ప్రయోగం మళ్లీ చేయించాను. ప్రోటీన్ ఇంకా ఫ్రీజర్‌లో ఉంది. పెరిగిన కణాల్లో ఎక్కువ భాగానికి రంగు అంటింది. అవి లోపలికి పోనే లేదు. పదేళ్ల కింద తెర మీద పైకి ఎగబాకిన ఆ చుక్కల గుంపు ఎక్కడుందో అప్పుడు తెలిసింది.

సొంత ల్యాబ్ పెట్టుకోవడం, నిధుల దరఖాస్తులు, తిరస్కారాలు, వీటి గురించి పెద్దగా చెప్పను, ఏ రంగంలోనైనా అవి ఒకేలా ఉంటాయి. టీబీకి ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటే, కాలం. మూడేళ్ల గ్రాంటులో ఎలుకల ప్రయోగాలు నాలుగో ఐదో పడతాయి. ఏటా కోటి మందికి పైగా జబ్బు పడుతున్నారు, 12 లక్షల మందికి పైగా చనిపోతున్నారు, మనం మాత్రం మూడు వారాల కాలనీల కోసం ఆగుతున్నాం. ఆ లెక్క తలుచుకున్న రోజు నిద్ర పట్టదు.

ఆశ లేదనను. ఎం72 అనే టీకా, అప్పటికే సోకిన పెద్దవాళ్లలో మూడేళ్లలో జబ్బుని దాదాపు సగం తగ్గించింది. టీకా ఇచ్చినవాళ్లలో 13 మంది జబ్బు పడితే ఇవ్వనివాళ్లలో 26 మంది. 2024లో దాని మూడో దశ ప్రయోగం మొదలైంది. 2020లో అదే పాత బీసీజీని చర్మంలోకి కాకుండా నేరుగా రక్తనాళంలోకి ఇస్తే పది కోతుల్లో తొమ్మిదింటికి గట్టి రక్షణ వచ్చింది. ఆ తొమ్మిదిలో ఆరింటిలో ఇన్‌ఫెక్షన్ జాడే దొరకలేదు. మనుషులకి అలా ఇవ్వడం సులువు కాదు, కానీ రక్షణ సాధ్యమేనని ఆ కోతులు చూపించాయి.

ఇప్పుడు నా ల్యాబ్‌లో పని ఇంకోవైపు నడుస్తోంది. రోగితో ఒకే గదిలో నెలల తరబడి పడుకుని కూడా ఏళ్లు గడిచినా పరీక్షలో నెగటివ్‌గానే ఉండేవాళ్లు కొందరుంటారు. పోస్ట్‌డాక్‌లో ఉండగా అలాంటివాళ్లని 'సోకలేదు' అనే గడిలో రాసి పక్కన పెట్టేసేదాన్ని. 2019లో ఉగాండాలో ఇలాంటివాళ్ల రక్తాన్ని జాగ్రత్తగా చూస్తే, టీబీ ప్రోటీన్లకి యాంటీబాడీలు ఉన్నాయి, టి కణాలూ ఉన్నాయి. ఆ కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా మాత్రం చేయడం లేదు. వాళ్ల శరీరం బ్యాక్టీరియాని చూసింది, మా పరీక్ష వాళ్లని చూడలేదు.

అందుకే పాత ట్యూబులన్నీ మళ్లీ బయటికి తీస్తున్నాం. మా దగ్గర అలాంటి 62 మంది కణాలు ద్రవ నత్రజనిలో ఉన్నాయి, అప్పట్లో పనికిరావని పారేయకుండా దాచినవి. వారానికి నలుగురివి కరిగించగలం, ఒక్కోదానికి ముప్పై దాకా గుర్తులు చూస్తున్నాం. ఆ తల్లి రెండో కొడుకు ట్యూబు కూడా అందులో ఉంది. అన్నతో ఒకే గదిలో పడుకున్న పిల్లవాడు, మూడుసార్లు పరీక్ష చేస్తే మూడుసార్లూ నెగటివ్. అతని వంతు వచ్చే నెల.